ఒక పుస్తకానికి ఒక చీటీ

విజయనగరం నుంచి విశాఖకి రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లకి చదువుకోడానికి మంచి సమయమే దొరుకుతుంది. 60 కిలోమీటర్లు, పోనూ రానూ కలిపి రెండు గంటల పైమాటే. నాయకత్వం మీదో, సమయం వాడకం మీదో, మాటతీరు మీదో నెలకో పుస్తకం తేలిగ్గా అయిపోతుంది. అయిపోయినా సోమవారం ఆఫీసులో పని మాత్రం పాత దారినే నడుస్తుంది. చదివిన సంగతి రచయిత మాటల్లోనే ఉండిపోయి, మన మాటల్లోకి రాకపోవడమే దానికి కారణమని నా నమ్మకం.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఈ సంగతి మీదే జీవితమంతా పోరాడారు. జనం మాట్లాడే భాషలో చెప్పని చదువు జనానికి అందదన్నారు. కొండల్లో ఉండే సవర గిరిజనులకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. పుస్తకం చదివేవాళ్లు తమకి తాము చేసుకోవలసిన ఉపకారం కూడా ఇదే. పుస్తకం భాషలోంచి తమ పని భాషలోకి ఆ సంగతిని దింపుకోవాలి.

దీనికి కావలసింది చీటీగా వాడుకోడానికి పోస్టుకార్డంత అట్టముక్క, పెన్సిలు. పుస్తకం మొదలుపెట్టేముందు పది నిమిషాలు విషయసూచిక, చివరి అధ్యాయం తిరగేసి, అట్టముక్క మీద ఒక ప్రశ్న రాయాలి. "మంచి నాయకుడు ఎలా ఉండాలి?" లాంటి ప్రశ్న పనికిరాదు. దానికి ఏ పేజీ చూసినా జవాబే. "మా సంఘం మీటింగు గంటలో ముగియాల్సింది రెండున్నర గంటలు ఎందుకు సాగుతోంది?" అన్నది ప్రశ్న. దీన్ని చేతిలో పెట్టుకుని చదివితే అక్కర్లేని అధ్యాయాలు వాటంతటవే పక్కకి పోతాయి. ఇలాంటి పుస్తకాల్లో ఒకే మాటని పది ఉదాహరణలతో సాగదీసినవి చాలానే ఉంటాయి, దాటేసినా తప్పులేదు.

చదివేటప్పుడు గీతలు గీయకండి. జిల్లా గ్రంథాలయం పుస్తకమైతే ఎలాగూ గీయకూడదు, అదీ ఒకందుకు మంచిదే. గీత గీయగానే ఆ సంగతి మనకి వచ్చేసినట్టు అనిపిస్తుంది, అంతే. దానికి బదులు అధ్యాయం అవ్వగానే పుస్తకం మూసి, రెండు నిమిషాలు అందులో ఏముందో చూడకుండా చెప్పుకోవాలి. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే మాత్రం, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లకి ఎక్కువ నిలిచింది. చెప్పుకునేటప్పుడు తడబడిన చోటే మనకి అర్థంకాని చోటు. ఆ పేజీ ఒక్కటి మళ్లీ చూడండి చాలు.

పుస్తకం అయ్యాక అట్టముక్క వెనక మూడు లైన్లు రాయాలి. ఎప్పుడు, ఎక్కడ అన్నది మొదటిది. సరిగ్గా ఏం చేస్తాను, ఏ మాట అంటాను అన్నది రెండోది. పని జరిగిందని దేన్నిబట్టి తెలుస్తుంది అన్నది మూడోది. "ముఖ్యమైన పనులు ముందు చేయాలి" అని రాస్తే ఆ చీటీ చచ్చినట్టే. "పదిన్నరకి కుర్చీలో కూర్చోగానే ఫోను డ్రాయర్లో పెట్టి, నిన్న ఆగిపోయిన ఫైలుకి నోట్ రాస్తాను. పదకొండుంపావుకి ఆ ఫైలు నా బల్ల మీద ఉండకూడదు." ఇదీ చీటీ. ఒక సమయానికో సందర్భానికో ముడిపెట్టిన పని, ఊరికే అనుకున్న పనికంటే జరిగే అవకాశం ఎక్కువని గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. ఒకేసారి ఐదు చీటీలు మొదలుపెడితే అన్నీ పోతాయి. ఒక్క చీటీనే పద్నాలుగు పనిరోజులు నడపాలి.

నాయకత్వం పుస్తకాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది గేరీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. పని మొదలుపెట్టకముందే అది చెడిపోయిందని అనుకుని, ఎందుకు చెడిందో వెతకడం. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజున ఒక డ్వాక్రా సంఘం మామిడి తాండ్ర, పచ్చళ్ల స్టాలు పెట్టాలనుకుంది అనుకోండి. పది రోజుల ముందు కూర్చుని లీడరు అనాల్సిన మాట: "పండగైపోయింది, సరుకు సగం మిగిలిపోయింది. ఎందుకో మూడు నిమిషాల్లో ఎవరికి వారు రాయండి." రాయలేనివాళ్లు పక్కనున్నవాళ్ల చెవిలో చెప్పి రాయించుకోవచ్చు. అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు. పొద్దున్నే బండ్లు ఆపేస్తారు, సరుకు ముందురోజు రాత్రే చేరాలి. జనంలో సిగ్నలుండదు, ఫోన్‌పే నడవకపోతే పది, ఇరవై నోట్ల చిల్లర కావాలి. లెక్క తెలిసిన ఒక్క మనిషీ అమ్మవారిని చూడ్డానికి వెళ్తే గల్లాపెట్టె ఎవరిది?

ఇందులో తప్పు జరిగేది ఒకే చోట. లీడరు ముందు మాట్లాడితే మిగతావాళ్లు "అప్ప సెప్పిందే రైటు" అని ఊరుకుంటారు. అందుకే నోరు మెదపకుండా రాయడం, అందరికంటే చిన్నవాళ్లతో ముందు చదివించడం, లీడరు చివర మాట్లాడడం. రాసిన ప్రతి కారణం ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ పడాలి. పేరు పడనిది ఎవరి పనీ కాదు.

ఇక మాట సంగతి. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని ఒక ప్రయోగం చేశారు. ఒకరు పాట మనసులో పాడుకుంటూ బల్ల మీద వేళ్లతో కొట్టాలి, ఎదుటివాళ్లు ఏ పాటో చెప్పాలి. కొట్టినవాళ్లు సగం పాటలైనా కనిపెడతారనుకున్నారు. 120 పాటల్లో కనిపెట్టినవి 3. కొట్టేవాళ్ల చెవిలో పాట మోగుతోంది, వినేవాళ్లకి చప్పుడే. ఇంట్లో ఈ రాత్రే చేసి చూడొచ్చు.

పని చెప్పేటప్పుడు మనం చేసేదీ ఇదే.

"లచ్చిమీ, రేపు డబ్బులు కట్టీయాలి, అందరికీ సెప్పీ."

"అలాగేనప్పా."

లీడరు మనసులో ఉన్నది బ్యాంకు లోను వాయిదా. లక్ష్మి చెవిన పడింది పొదుపు డబ్బు. రెండు వైపులా తప్పు లేదు, మాటలో వివరం లేదు. "అర్థమైందా?" అని అడిగినా ఉపయోగం ఉండదు, దానికి "ఆఁ" అనే జవాబు ఒక్కటే వస్తుంది. విమానాల్లో కంట్రోల్ టవరు ఇచ్చిన ముఖ్యమైన ఆదేశాలని పైలట్ తిరిగి చెప్పితీరాలన్న నియమం ఇందుకే.

"లచ్చిమీ, బుధవారం పదింటికి బ్యాంకుకి ఎల్తాం. లోను వాయిదా ఒక్కటే. మంగలవారం రాత్రి ఎనిమిదిలోపు నా సేతికి అందాల. నాను సరిగ్గా సెప్పానో లేదో సూసుకుంటాను, ఆలకి ఏటని సెప్తావో ఓపాలి సెప్పు."

"మంగలవారం రాత్రికి పొదుపూ, వాయిదా..."

"పొదుపొద్దు. వాయిదా ఒక్కటే."

పొరపాటు ఇక్కడే, పది సెకన్లలో దొరికిపోయింది. "నాను సరిగ్గా సెప్పానో లేదో" అన్న ముక్క వదలకండి. అది లేకపోతే ఎదుటివాళ్లకి పరీక్ష పెట్టినట్టుంటుంది, మనసు కష్టపెట్టుకుంటారు. వాట్సాప్‌లో రాసేటప్పుడు కూడా మొదటి లైన్లోనే ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నవి పెట్టి, కారణాలు కింద రాయండి. వాయిస్ మెసేజీలో తేదీలు, అంకెలు చెప్పకపోవడం మేలు, వెతుక్కోడానికి దొరకవు.

పద్నాలుగు పనిరోజులయ్యాక చీటీ అంచున "నిలిచింది", "మార్చాలి", "తీసేశాను" అని మూడిట్లో ఒకటి రాసి, తేదీ వేయండి. నిలవని చీటీలు చూస్తే లోపం ఎక్కువగా మొదటి లైన్లోనే కనిపిస్తుంది. "ఖాళీ దొరికినప్పుడు" అనో "సాయంత్రం" అనో ఉంటుంది. దాన్ని కొట్టేసి, రోజూ తప్పకుండా జరిగే దానికి కట్టాలి. రైలు కొత్తవలస దాటగానే, టీ గ్లాసు కింద పెట్టగానే, హాజరు వేయగానే. రెండో లైను మార్చక్కర్లేదు, మళ్లీ పద్నాలుగు రోజులు చూడండి.