కారుతున్న కుళాయి దగ్గర రెండు ఉదయాలు

పని మీద వెళ్ళిన ఒక కొత్త నగరంలో నాకు రెండు ఉదయాలు ఖాళీగా దొరికాయి. బసకు నడకదూరంలో ఉన్న ఉద్యానవనానికి మొదటిరోజు ఆరున్నరకే చేరుకున్నాను. సీతాకోకచిలుకలు ఎగరడానికి కావలసిన వేడిని ఎండ నుంచే తెచ్చుకుంటాయి కనుక, ఎనిమిది దాటి పొదల మీదికి ఎండ వచ్చేదాకా ఒక్కటీ కదలలేదు. నున్నగా కత్తిరించిన పచ్చికలో ఆ తరువాతా ఏమీ కనిపించలేదు.

ప్రహరీ మూలన మాత్రం జిల్లేడు పొదలు మిగిలి ఉన్నాయి. అక్కడ ఎగురుతున్న రెండు నారింజరంగు సీతాకోకచిలుకలు ఒకే జాతివని మొదట అనుకున్నాను. వెనక రెక్క మధ్యలో నల్లచుక్కలున్నది ప్లెయిన్ టైగర్. గొంగళిపురుగుగా జిల్లేడు ఆకులు తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కనుక పక్షులు దాని జోలికి పోవడానికి జంకుతాయి. ఆ చుక్కలు లేని రెండోది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. దానికి విషం లేదు, ప్లెయిన్ టైగర్‌ను పోలిన ఆ రంగులే రక్ష. అది నేల మీద పాకిన గంగవావిలి ఆకుపై గుడ్డు పెట్టడం చూశాక, కలుపని పీకేసే ఆ మొక్క అక్కడ మిగిలినందుకు ఎంతో సంతోషించాను.

అయితే నా సమయంలో ఎక్కువ భాగం ఒక కందిరీగకే వెచ్చించాను. దారంలాంటి నడుముతో, నలుపు పసుపు కలిసిన ఆ ఆడ కందిరీగ కారుతున్న కుళాయి కింది తడిమట్టిని దవడలతో ఉండచేసి, పనిముట్ల గది చూరు కిందికి మోసుకుపోయేది. ఉండను గోడకు అద్దేటప్పుడు సన్నని రొద వినిపించేది. ఆ కంపనంతోనే మట్టి మెత్తబడి పరుచుకుంటుంది. మరునాటికి గూటిలోని మట్టి అర పూర్తయి, వేట మొదలైంది. సాలీళ్ళను చంపకుండా, కదలలేకుండా మాత్రమే కుట్టి అరలో నింపుతుంది. వాటిలో ఒకదాని మీద పెట్టిన గుడ్డు పగిలి వచ్చే పిల్లకు అవే తాజా ఆహారం.

అది వేటకు వెళ్ళిన సమయంలో కాపలాదారు నిచ్చెన తెచ్చి గోడకు చేరవేసి, కుడతాయండీ, దులిపేస్తానన్నాడు. ఇది ఒంటరి జాతి అనీ, గుంపుగా గూడు కట్టే కందిరీగల్లా మీద పడదనీ చెప్పి ఆపాను. ఇంతలో సాలీడుతో తిరిగివచ్చిన కందిరీగ గూడును గుర్తుపట్టలేక, నిచ్చెన ముందు వంకరటింకరగా తిరగసాగింది. జంతువుల ప్రవర్తనను పరిశోధించిన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గెన్ 1932లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది: నేలలోని బొరియ చుట్టూ పేర్చిన పైన్ కాయల వలయాన్ని, కందిరీగ లేనప్పుడు పక్కకు జరిపితే, అది తిరిగివచ్చి బొరియను వదిలి ఆ వలయం మధ్యలోనే వెతికింది. ఇక్కడా చుట్టుపక్కల గుర్తులు చెదిరినట్టు అనిపించి, నిచ్చెన తీయమని కోరాను. ఆయన తీశాడు. కందిరీగ మరో రెండు చుట్లు తిరిగి, నేరుగా అర ముఖద్వారం మీద వాలి, సాలీడును లోపలికి నెట్టింది. తాను ఇన్నేళ్ళలో ఇది చూడలేదంటూ కాపలాదారు నిచ్చెనను భుజాన వేసుకున్నాడు.