ఉప్పు చెక్క

మా ఇంట్లో సంక్రాంతి అంటే మూడో రోజే. తిరుపతిలో పదిహేనేళ్లుగా కాపురం ఉంటున్నా, పొద్దున్నే బయలుదేరి చంద్రగిరి దాటి మా ఊరికి చేరితేగానీ నాకు పండగ అనిపించదు. లోకమంతా కనుమ అంటుంది, మా ఊళ్లో మాత్రం పశువుల పండగ.

భోగి రోజు తెల్లవారుజామున అపార్ట్‌మెంటు ముందు మంట వేశాం. పిల్లలు చిన్న డప్పులు కొట్టుకుంటూ వీధంతా తిరిగారు. ధనుర్మాసమంతా కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది కదా, ఆ నెల ముగిసేసరికి మా అమ్మాయికో సందేహం వచ్చింది. ఉగాది, దీపావళి ఏటా తేదీ మారుతుంటే ఇది మాత్రం 14నో 15నో ఎందుకొస్తుందని. అవి తిథుల లెక్క, ఇది సూర్యుడు మకర రాశిలోకి వచ్చే లెక్క అని చెప్పాను. ఈ తేదీ కూడా మెల్లగా మారుతుంది. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు ఆలస్యమవుతుంది. సూర్యుడు ఉత్తరం వైపు మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే అయినా మనం ఉత్తరాయణం పండగ జనవరి నడుమ చేసుకునేది అందుకే.

సంక్రాంతి పెద్దలకు బట్టలు పెట్టుకునే రోజు. నా చిన్నప్పుడు అవ్వ చేసిన నిప్పట్లు తింటూ గడిచిపోయేది.

మర్నాడు ఉప్పు చెక్క. తాత వారం ముందే అడవికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, మారేడు కాయలు, నల్లేరు గోతంలో వేసుకొచ్చేవాడు. ఉప్పు వేసి రోట్లో దంచితే ముదురు గోధుమరంగు ముద్దయ్యేది. ఇల్లంతా వగరు వాసన. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గంటలు కట్టేలోపు ఒక్కోదానికీ పిడికెడు తినిపించాలి. ఏటా ఒక్కసారి వేసే మందు అది. "రేయ్, మూతి గట్టిగా పట్టుకోరా, ఉమ్మేస్తుంది!" అని తాత అరిచేవాడు. సాయంత్రం ఊరి బయట పశువుల దేవుడు కాటమరాజు దగ్గర చిట్లాకుప్ప, అంటే కట్టెల కుప్ప, వెలిగించేవాళ్లు. పొంగలి పొలాల్లో చల్లుతూ "పొలో పొలి" అని కేకలు వేస్తూ పోయేవాళ్లు. ఆ గొంతులు చీకట్లో దూరమవుతుంటే విన్నది ఇంకా చెవుల్లో ఉంది.

మా పక్కనే రంగంపేటలో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి, పరుగెత్తేటప్పుడు కుర్రాళ్లు వాటిని లాక్కుంటారు. ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. కానీ పశువుకు మొక్కే రోజునే దాన్ని గుంపులోకి తోలి బెదరగొట్టడం నా మనసుకు పట్టదు.

ఈ ఏడు నాయన కొట్టంలో రెండే ఆవులు. దుక్కికి ట్రాక్టరు వచ్చాక ఎద్దులు పోయాయి. ఆయనకు అడవికి నడిచే ఓపిక లేదు. పై వీధి ముసలమ్మ ఒక మద్ది చెక్క ముక్క ఇచ్చింది, మా పెరటి గోడ మీది నల్లేరు కోశాను. ఉప్పేసి నేనే దంచాను, అమ్మాయి మూతి పట్టుకుంది. ఆవు సగం ఉమ్మేసింది. మిగతాది మింగి, నా అరచేతిలో అంటుకున్న ఉప్పు కోసం గరుకు నాలుకతో చాలాసేపు నాకుతూనే ఉంది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.