గ్రాఫులో రెండు గుట్టలు

బాబుకు మూడో నెలలో ఎడమ చంకలో గడ్డ లేచింది. పుట్టినప్పుడు బీసీజీ టీకా వేసిన చెయ్యి అది. చీము తీశారు, మానింది. ఏడాది తిరగకుండానే కాలేయంలో మరో గడ్డ. ఎప్పుడు పరీక్ష చేయించినా తెల్ల కణాలు 20,000 దాటే ఉండేవి. "ఇన్ని కణాలుంటే రోగనిరోధక శక్తికి లోటేమిటి?" అన్నారు ఒక వైద్యుడు. ఆ మాట నమ్మి ఆరు నెలలు పోగొట్టుకున్నాం.

తరువాత చూసిన డాక్టరమ్మ డీహెచ్ఆర్ అనే రక్త పరీక్ష రాశారు, తెల్ల కణాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసేది. పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలంటే నేను చెయ్యి చాపాను. "మీది పోలికకు పనికిరాదమ్మా, విడిగా చూస్తాం" అని మా ఆయన దగ్గర తీసుకున్నారు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఫలితం కాగితం మీద మూడు బొమ్మలున్నాయి. న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలను మందుతో రెచ్చగొడితే లోపలి రంగు వెలగాలి. మా ఆయన కణాలన్నీ వెలిగి కుడివైపు ఒకే గుట్టగా పడ్డాయి. బాబు గుట్ట ఎడమవైపు నుంచి కదలనే లేదు. నావి రెండు గుట్టలు, ఎడమన ఒకటి, కుడిన ఒకటి.

జబ్బు పేరు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్. కణం సూక్ష్మజీవిని మింగుతుంది కానీ చంపలేదు. కట్టెలు నిండుగా పేర్చిన పొయ్యికి అగ్గిపుల్ల లేనట్టు. లోపం ఎక్స్ క్రోమోజోము మీది సీవైబీబీ జన్యువులో ఉందని జన్యు పరీక్షలో తేలింది. నాకు ఎక్స్‌లు రెండు, లోపం ఒకదానిలోనే ఉంది, ఒక్కో కణంలో ఒక్కటే పనిచేస్తుంది, అందుకే రెండు గుట్టలు. బాబుకున్న ఒక్క ఎక్స్ నేనిచ్చిందే. (ఎండకు నా బుగ్గలు కందడానికీ, తరచూ నోరు పూయడానికీ ఇదే కారణం కావచ్చట.)

మా ఆయన నాకు మేనత్త కొడుకు. రెండేళ్లుగా చుట్టాలందరూ మేనరికాన్నే తిట్టారు. ఈ జబ్బులోనే ఎన్‌సీఎఫ్1 వంటి జన్యువుల రకమైతే తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి, అక్కడ మేనరికం ముప్పు పెంచుతుంది. మా విషయంలో దానికి పాత్రే లేదు.

ఇప్పుడు రోజూ బాక్టీరియా సోకకుండా కోట్రైమాక్సజోల్, బూజు సోకకుండా ఇట్రాకొనజోల్ వేస్తున్నాం. బూజు భయంతో గడ్డివాము దగ్గరికీ, కుళ్లిన ఆకుల దగ్గరికీ పోనివ్వం. మూలుగ మార్పిడికి దాత కోసం చూస్తున్నాం.

చెల్లెలికీ అమ్మకూ పరీక్ష చేయించాం. చెల్లెలికి ఒకటే గుట్ట. అమ్మకు రెండు. అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "మా తమ్ముడికీ ఇలాగే మెడ కింద గడ్డలు లేచేవి, రెండేళ్లకే పోయాడు. దిష్టి అనుకున్నాం" అంది.