ముత్యాల గర్భం తీసేశాక ఆపకూడని రక్తపరీక్ష

గర్భంలో బిడ్డ సరిగా ఏర్పడకుండా మాయ నీటి బుడగల గుత్తిలా పెరగడమే ముత్యాల గర్భం. స్కానింగులో అది తేలితే, శుభ్రం చేయించేస్తే పీడ వదిలిపోతుందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చాలామందికి వదిలిపోతుంది కూడా. కానీ పూర్తి ముత్యాల గర్భం (బిడ్డ అసలే ఏర్పడనిది) వచ్చినవాళ్లలో నూటికి 15 నుంచి 20 మందికి ఆ మాయ కణాలు గర్భసంచి గోడలో మిగిలి మళ్లీ పెరుగుతాయి. పాక్షికమైతే (బిడ్డ కొంత ఏర్పడినది) ఈ ముప్పు నూటికి ఐదు కంటే తక్కువ. ఇలా పెరిగే జబ్బును జీటీఎన్ అంటారు, అంటే మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్. అందులో వేగంగా పాకే రకం కోరియోకార్సినోమా. ఇది అబార్షన్ తర్వాత, అరుదుగా మామూలు కాన్పు తర్వాత కూడా వస్తుంది. బాలింతకు వారాల తరబడి బ్లీడింగ్ ఆగకపోతే బీటా హెచ్‌సీజీ (మాయ కణాలు విడుదల చేసే హార్మోను) రక్తపరీక్ష ఒకటి చేయించండి. ఈ జబ్బు మొదట పాకేది ఎక్కువగా ఊపిరితిత్తులకే. దగ్గులో రక్తం పడితే టీబీ అనుకుని నెలలు గడిపేసే ప్రమాదం ఉంది.

శుభ్రం చేశాక బీటా హెచ్‌సీజీని వారం వారం చూడాలి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించాలి, ఎందుకంటే ఒక్కో కిట్టు ఒక్కోలా అంకె చూపిస్తుంది. ఇంట్లో చేసుకునే మూత్రం స్ట్రిప్పు దీనికి పనికిరాదు. అంకె దిగుతూ ఉంటే నిశ్చింత. 820, 790, 805, 798 ఇలా మూడు వారాల పాటు నాలుగు పరీక్షల్లోనూ అక్కడక్కడే ఆగిపోతే జబ్బు మిగిలి ఉందని అర్థం. 300, 380, 470 ఇలా వరుసగా పెరిగినా అంతే. వరుసగా మూడు వారాలు నార్మల్ వచ్చాక, పూర్తి ముత్యాల గర్భమైతే మరో మూడు నెలలు నెలకోసారి చూడాలి. కొందరు డాక్టర్లు ఆరు నెలలు చూడమంటారు. ఈ లోపు గర్భం వస్తే అంకె దేనివల్ల పెరిగిందో తేల్చుకోలేం. అందుకే గర్భనిరోధక మాత్రలు వాడాలి. అంకె నార్మల్‌కు వచ్చేదాకా లూప్ మాత్రం వేయించుకోవద్దు.

క్యాన్సర్ అనగానే ముక్క పరీక్ష అడుగుతారు. ఇక్కడ చాలాసార్లు ఆ అవసరం ఉండదు, అంకెలతోనే నిర్ధారిస్తారు. యోనిలో నీలం, ఎరుపు కలిసిన గడ్డ కనిపిస్తే దాన్ని అసలు కోయకూడదు, రక్తం కట్టలు తెంచుకుంటుంది.

వయసు, హెచ్‌సీజీ, జబ్బు ఎక్కడెక్కడికి పాకింది వంటివి చూసి స్కోరు వేస్తారు. 0 నుంచి 6 వస్తే సాధారణంగా ఒక్క కీమో మందు చాలు. ఎక్కువగా వాడే పద్ధతిలో మెథోట్రెక్సేట్ 50 మిల్లీగ్రాములు 1, 3, 5, 7 రోజుల్లో కండకు ఇస్తారు. ఒక్కో ఇంజెక్షన్ తర్వాత 30 గంటలకు, దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి ఫోలినిక్ యాసిడ్ 15 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. రెండు వారాలకోసారి ఇదే వరస. ఈ గుంపులో దాదాపు అందరికీ నయమవుతుంది. 7 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఐదు మందులు కలిపిన ఈఎంఏ-సీఓ ఇస్తారు. అక్కడ కూడా ఎక్కువమంది కోలుకుంటారు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇంట్లో మిగిలి ఉంటాయి. బలం కోసమని వేసుకుంటూనే ఉంటారు. మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఫోలేట్‌ను అడ్డుకుని, కాబట్టి ఆ మాత్రలు మందు బలాన్ని తగ్గిస్తాయి. డాక్టరు ఇచ్చే ఫోలినిక్ యాసిడ్ వేరు, దాన్ని చెప్పిన వేళకు తప్పక వేసుకోవాలి. నొప్పి మాత్రలు సొంతంగా వద్దు, మెథోట్రెక్సేట్ బయటికి పోయేది కిడ్నీల గుండానే, ఆ మాత్రలు దానికి అడ్డుపడితే మందు ఒంట్లో పేరుకుంటుంది. నోట్లో పుండ్లు, జ్వరం వస్తే తర్వాతి డోసు దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

అంకె నార్మల్‌కు రాగానే మందు ఆపేయడం పెద్ద తప్పు. పరీక్షకు అందనంత తక్కువ కణాలు అప్పటికీ మిగిలి ఉండొచ్చు, అందుకే మరో రెండు మూడు విడతలు ఇస్తారు. 1950లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఈ జబ్బును మెథోట్రెక్సేట్‌తో నయం చేశారు. గడ్డలు కనిపించకపోయినా హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఇవ్వాలని పట్టుబట్టింది లీ.

కీమో అయ్యాక ఏడాది ఆగి గర్భం దాల్చవచ్చు. అప్పుడు ఆరేడు వారాలకే స్కానింగ్ చేయించుకోవాలి, కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ ఒకసారి బీటా హెచ్‌సీజీ చూపించుకోవాలి.