శ్రీ కొట్టేసి కుమారి అని రాశాను

మార్చి 8 వస్తే మా కరెంటు ఆఫీసులో ఏటా ఒకటే తంతు. ముగ్గుల పోటీ, శాలువా, పులిహోర పొట్లం. పోయిన ఏడాది "చరిత్రలో స్ఫూర్తినిచ్చిన మహిళ గురించి ఓ ఐదు నిమిషాలు మాట్లాడండి మేడమ్" అని నన్ను అడక్కుండానే నా పేరు రాసేశారు. ఝాన్సీ లక్ష్మీబాయి గురించి చెబుతాననుకున్నారు. రుద్రమదేవి అన్నా సంతోషించేవాళ్లే. అయ్యలసోమయాజుల లలిత గారు అనేసరికి, "ఎవరు, సింగరా?" అని వెనక వరసలోంచి వినిపించింది. కరెంటు వాళ్లమై ఉండి ఆ ప్రశ్నా అనిపించింది గానీ, బీటెక్ అయిన ఆరేళ్ల దాకా నాకు మాత్రం తెలుసా?

మైకు సరిచేసేసరికే సగం టైమ్ పోయింది. ఆ రోజు మిగిలిపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు లలిత గారు. 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. పదిహేనేళ్లకే పెళ్లి చేశారు. పద్దెనిమిదేళ్లకి భర్త పోయారు. అప్పటికి ఒళ్లో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లని ఇంట్లో ఏ మూల కూర్చోబెట్టేవాళ్లో మన అమ్మమ్మలని అడిగితే చెబుతారు. ఈ తండ్రి మాత్రం కూతుర్ని క్వీన్ మేరీస్ కాలేజీలో చేర్పించారు. ఇంటర్ పాసయ్యాక ఆవిడ డాక్టరు చదువు వద్దనుకున్నారు. అర్ధరాత్రి పిలుపు వస్తే పాపని వదిలి పరుగెత్తాలి కదా అని. (నైట్ షిఫ్టులు చేసే నాకు ఇది చదివి నవ్వొచ్చింది. కరెంటు ఉద్యోగానికి పగలు మాత్రమే పని అని ఎవరన్నారమ్మా?)

గిండీలో అప్పటిదాకా అమ్మాయిని చేర్చుకున్నదే లేదు. ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారు ఒప్పుకున్నారు. పాప బంధువుల ఇంట్లో, తల్లి హాస్టల్లో. తరవాత లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్లో చేరారు. అలా ఒకరికి ముగ్గురయ్యారు. చదువు పూర్తయ్యాక ఇచ్చిన పట్టాలో 'హీ' అని ముందే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి చేత్తో 'షీ' అని దిద్దారట.

అది చదివినప్పుడు నాకు నా మొదటి ఎల్‌సీ గుర్తొచ్చింది. మా వాళ్లు కానివాళ్ల కోసం చెబుతున్నాను. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్ మీద పని చెయ్యాలంటే ముందు బ్రేకర్ అనే పెద్ద స్విచ్ తియ్యాలి, లైన్‌ని కంటికి కనిపించేలా విడదీసే ఐసోలేటర్ తెరవాలి, లైన్‌ని భూమికి కలిపే ఎర్త్ వెయ్యాలి. ఆ తరవాత ఇప్పుడు ఎక్కవచ్చు అని కాగితం మీద రాసివ్వాలి. దాని మీద ఒక మనిషి ప్రాణం ఉంటుంది. నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం 33 కేవీ (33 వేల వోల్టుల) ఫీడర్ లైన్ మీద పని ఉందని పెద్దాయన లైన్‌ఇన్‌స్పెక్టర్ వచ్చి నిలబడ్డారు. ఎల్‌సీ పుస్తకం తీస్తే 'శ్రీ' అని అచ్చయి ఉంది, పక్కన రాసిచ్చేవాళ్ల పేరుకి ఖాళీ. శ్రీ పక్కన 'మతి' చేరిస్తే సరిపోను, కానీ నాకింకా పెళ్లి కాలేదు. తప్పు రాయకూడని కాగితమాయె. శ్రీ కొట్టేసి, ఉన్న కాస్త చోటులో కుమారి అని ఇరికించి, కొట్టివేత పక్కన చిన్న సంతకం పెట్టాను. ఆయన అదంతా ఓపిగ్గా చూసి, "పుస్తకాలు కొత్తవి వేయించాలమ్మా" అన్నారు. పాత పుస్తకాలు ఇంకా అయిపోలేదు.

లలిత గారి గురించి ఎవరు రాసినా మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు అని రాసి ఆపేస్తారు. నాకు ఆ తరవాతి కథే ఇష్టం. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్, సిమ్లాలో ఉద్యోగం, కొన్నాళ్లు తండ్రి పరిశోధనల్లో సాయం. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, రిటైరయ్యే దాకా అక్కడే. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్ లేఅవుట్లు. భాక్రా నంగల్ జనరేటర్ల పని కూడా చేశారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకీ వెళ్లొచ్చారు. ఫొటోలన్నీ దానివే వేస్తారు. నేనైతే డ్రాయింగ్ బల్ల ముందు కూర్చున్న ఆవిడనే ఊహించుకుంటాను.

లేఅవుట్ అంటే బొమ్మే కదా అనుకుంటారు. మా యార్డులో నడిస్తే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే క్రేన్ ఎటునుంచి రావాలి, ఐసోలేటర్ తెరిచినప్పుడు దాని చెయ్యి ఎంత దూరం సాగుతుంది, దాని కింద నడిచే మనిషి తలకీ పైన కరెంటు పారే బస్‌బార్ తీగలకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి, ఇవన్నీ ఒకరు ముందే కూర్చుని ఆలోచించి గీసి ఉంటారు. కాళ్ల కింద కంకర కూడా అందం కోసం పోసింది కాదు. ఫాల్ట్ వచ్చి కరెంటు నేలలోకి పారినప్పుడు కాళ్ల మీదుగా షాక్ కొట్టకుండా పోసింది. అన్నీ సరిగ్గా ఉంటే ఆ గీసిన మనిషి ఎవరికీ గుర్తురారు.

లలిత గారు 1979లో, అరవై ఏళ్లకి పోయారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

నా ఐదు నిమిషాలయ్యాక చప్పట్లు కొట్టి అందరూ పులిహోర వైపు వెళ్లారు. కొత్తగా చేరిన సబ్ ఇంజినీరు అమ్మాయి ఒక్కతే నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, మరి ఆ పాపని ఎవరు చూసుకున్నారు?"

బంధువుల ఇంట్లో ఉంచి, వారం చివర వెళ్లి చూసొచ్చేవారట అన్నాను. "మా బాబు కూడా అంతే మేడమ్, మా అత్తగారి దగ్గర" అంది.

ఆ రాత్రి ఇద్దరికీ డ్యూటీయే. కంట్రోల్ రూమ్‌లో రీడింగులు రాసి వీడియో కాల్ చేసింది. అవతలి నుంచి "నీలం గోళీలు చూపించమ్మా" అని ఒకటే గోల. ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి పోయే గాలిలో తేమ పీల్చడానికి బ్రీదర్ అనే గొట్టంలో పోసే నీలం సిలికా జెల్ సీసా బల్ల మీదే ఉంది. ఫోన్‌కి దగ్గరగా పెట్టి చూపించింది. తరవాత నా వైపు తిరిగి, "రెండో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తేమ పట్టి గులాబీ రంగుకి తిరిగిపోయాయి మేడమ్, రేపు మార్పించాలి" అంది. లాగ్ బుక్‌లో రాయమన్నాను.