టెంటు ముందు, వీసా తర్వాత: లె మాన్స్‌కు మా తొలి ప్రయాణం

2023 ఫిబ్రవరిలో సెలవు మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన, విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీని చూశాను. గంటలోపే ముగిసిన ఆ పోటీలో గెలిచిన ఫ్రెంచి డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్, జూన్‌లో తన సొంత దేశంలో జరిగే లె మాన్స్ 24 గంటల పోటీలో ప్యూజో కారు నడుపుతాడని తెలిసింది. ఒక్కో కారును ముగ్గురేసి డ్రైవర్లు వంతులవారీగా రాత్రీ పగలూ నడిపే పోటీ అది, 1923లో మొదలైంది. ఇంగ్లండులో నేనుండే రెడింగ్ నుంచి ఒక రాత్రి ఓడ ప్రయాణం, ఆపైన సుమారు రెండు గంటల కారు ప్రయాణం చేస్తే చేరే ఊరు కనుక, మరుసటి ఏడాది వెళ్లి తీరాలనుకున్నాను. మా అక్క భర్తను తోడు రమ్మని అడిగితే, "కార్లు గిరగిరా తిరగడం చూడ్డానికి నేల మీద పడుకోవాలా బామ్మర్దీ?" అన్నారు గానీ, రానని మాత్రం అనలేదు.

నేల మీద పడుకోక తప్పదు. లె మాన్స్ పెద్ద నగరం కాదు. పోటీ వారంలో అక్కడి హోటళ్లలో గది దొరకడం గగనం, దొరికినా అద్దె మన చేతికందేది కాదు. ట్రాక్ చుట్టుకొలత 13.626 కిలోమీటర్లు, అందులో అధిక భాగం మిగతా రోజుల్లో లారీలూ బస్సులూ తిరిగే మామూలు రోడ్డే. దాని చుట్టూ మేజోఁ బ్లాంష్, హూ, బోసెజూర్, తెర్త్ర్ రూజ్ వంటి పేర్లతో క్యాంపింగ్ మైదానాలు ఉన్నాయి. ప్రవేశ టికెట్టు మనిషికి ఒకటి కొనాలి, క్యాంపింగ్ స్థలం వేరుగా కొనాలి, గ్యాలరీలో కుర్చీ కావాలంటే దానికి మరో టికెట్టు. ఈ మూడింటిలో ముందు చేతికి తెచ్చుకోవలసింది క్యాంపింగ్ స్థలమేనని నాకు ఆలస్యంగా కాకుండానే అర్థమైంది, ఎందుకంటే ఓడ తేదీలూ వీసా కాగితాలూ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అమ్మకం మొదలైన తొలి రోజుల్లోనే బోసెజూర్‌లో ఒక స్థలం కొన్నాను. ట్రాక్‌లో పోర్షే మలుపులు అనే భాగం పక్కనుండే ఆ మైదానం నుంచి ప్రధాన గ్యాలరీల దాకా చాలా దూరం నడవాలి, కాని రాత్రంతా పాటలూ కేకలూ ఉండే చోట్లతో పోలిస్తే అక్కడ కాస్త నిద్ర పడుతుందని లెక్క వేశాను. గ్యాలరీ కుర్చీలు కొనలేదు. 24 గంటలు ఒకే చోట కూర్చోవడమెందుకు, మలుపు మలుపుకూ తిరిగి చూద్దామన్నది నా వాదన. కుర్చీలకు పైకప్పు కూడా ఉంటుందన్న సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

అసలు పని వీసాది. మా ఇద్దరివీ భారత పాస్‌పోర్టులు కనుక బ్రిటన్‌లో ఎన్నేళ్లుగా ఉంటున్నా ఫ్రాన్స్‌కు షెంగెన్ వీసా తప్పదు. ప్రయాణానికి ఆరు నెలలకు మించి ముందుగా దరఖాస్తు తీసుకోరు. అంటే పోటీ జూన్ మధ్యలో కనుక డిసెంబరు మధ్య దాకా ఏమీ చేయడానికి లేదు. ఆ తర్వాత అపాయింట్‌మెంటు కోసం రోజూ పొద్దున లేవగానే ఫోను తెరిచి చూసుకోవడం అలవాటుగా మారి, చివరికి మార్చి నెలకు దొరికింది. కంపెనీ ఉత్తరం, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా, ఓడ టికెట్లు అన్నీ వరుసగా పెట్టాను. చిక్కు వచ్చింది బస దగ్గరే. ఎక్కడ ఉంటారన్న ప్రశ్నకు జవాబుగా నా దగ్గర ఉన్నది ఫ్రెంచిలో అచ్చైన క్యాంపింగ్ టికెట్టు, అదీ నా ఒక్కడి పేరు మీద. కౌంటరులోని అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పోటీ టికెట్టు కదా, హోటల్ బుకింగ్ ఏదని అడిగింది.

అదృష్టవశాత్తు ఆ ప్రశ్న వస్తుందని ముందే ఊహించి ఒక పేజీ ఉత్తరం రాసి పెట్టుకున్నాను. బుధవారం రాత్రి ఓడలో, గురు, శుక్ర, శనివారాలు రాత్రి టెంటులో, ఆదివారం రాత్రి ఫ్రాన్స్‌లోనే ఉన్న కేన్ అనే ఊళ్లో హోటల్లో అని తేదీలవారీగా గీతలు గీసి రాసి, స్థలం నా పేరున ఉన్నా అదే టెంటులో మా బావగారు కూడా ఉంటారని కింద సంతకం చేశాను. అదే ఉత్తరం నకలు బావగారి దరఖాస్తులో కూడా ఉంది. తిరుగు ఓడ సోమవారం ఉదయానిది కనుక ఆ చివరి హోటల్ రాత్రి ఎలాగూ కావలసిందే. ఆ ఒక్క హోటల్ కాగితం చూశాకే ఆమె మొహంలో బిగువు సడలిందని నా నమ్మకం. మొదటిసారి వెళ్లేవారు ఈ ఉత్తరాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయవద్దు. రెండు వారాల తర్వాత ఇద్దరి పాస్‌పోర్టులూ వీసాలతో తిరిగి వచ్చాయి.

తిండి విషయంలో మా అక్క వేసిన పథకానికి కస్టమ్స్ నిబంధన అడ్డుపడింది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చిన తర్వాత అక్కడి నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకువెళ్లకూడదు. పెరుగు సంగతి సరే, నెయ్యి కూడా పాల పదార్థమేనని చెప్పినప్పుడు బావగారు కాసేపు మాట్లాడలేదు. చివరికి బియ్యం, ఉప్మారవ్వ, నూనెలో ఊరిన ఆవకాయ, కందిపొడి, చిన్న గ్యాస్ స్టవ్ డిక్కీలో చేరాయి. పెరుగు ఫ్రాన్స్‌లో దిగాక సూపర్‌మార్కెట్‌లో కొన్నాం. మన పెరుగంత పులుపు లేకపోయినా అన్నంలోకి బాగానే ఉంది.

కారుకు చేయవలసినవి పెద్దగా లేవు: హెడ్‌లైట్ల మీద అంటించే స్టిక్కర్లు, వెనక యూకే గుర్తు, మెరిసే జాకెట్లు, త్రికోణపు హెచ్చరిక బోర్డు. రోడ్డుకు కుడివైపున నడపడం అరగంటలో అలవాటైంది. స్టీరింగు కుడి పక్కన ఉండడం వల్ల టోల్‌గేటు దగ్గర కిటికీలోంచి చెయ్యి చాచి డబ్బు కట్టే పని ఎడమ పక్కన కూర్చున్న బావగారిదైంది. మొదటి గేటు దగ్గర కార్డు కింద పడేసి, తలుపు తెరిచి దాన్ని ఏరుకునేలోగా వెనక నాలుగు హారన్లు మోగాయి.

గురువారం పది గంటలకల్లా బోసెజూర్ చేరాం. మా స్థలంలో ఒక మూల చదునుగా, మెత్తగా, పరుపులా ఉన్న చోటు చూసి టెంటు అక్కడే వేశాను. పక్క టెంటులోని ఇంగ్లీషు పెద్దాయన మా వంక చూసి ఏదో అనబోయి ఆగిపోయారు. చదునుగా కనిపించిన ఆ మూల నిజానికి పల్లం. శుక్రవారం ట్రామ్ ఎక్కి ఊళ్లోకి వెళ్లి డ్రైవర్ల ఊరేగింపు చూసి వచ్చేసరికి కాళ్లు పీకడం మొదలైంది. నడక గురించి నేను వేసిన లెక్కలన్నీ సగానికి సగం తప్పు. పెద్ద సంచీ కాకుండా వీపుకు తగిలించుకునే చిన్న సంచీ, రెండో జత బూట్లు ఉండి తీరాలి.

శనివారం సాయంత్రం నాలుగు గంటలకు ఫ్రెంచి ఫుట్‌బాల్ దిగ్గజం జినెదిన్ జిదాన్ జెండా ఊపగా 62 కార్లు బయలుదేరాయి. ఆ ఏడాది వచ్చిన జనం 3,29,000 అని తర్వాత ప్రకటించారు. ఎవరు ముందున్నారో కళ్లతో చూసి తెలుసుకోవడం అసాధ్యం. చిన్న రేడియోలో 91.2 ఎఫ్ఎం మీద వచ్చే రేడియో లె మాన్స్ వ్యాఖ్యానమే మాకు దిక్కు. వెర్న్ నడిపే 93వ నంబరు ప్యూజో ఎదుటి నుంచి పోయినప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. చీకటి పడ్డాక ఆర్నాజ్ మలుపు దగ్గర బ్రేకు వేసినప్పుడు చక్రాల లోపలి డిస్కులు కొలిమిలో ఇనుములా ఎర్రబడడం చూసిన తర్వాత, నేల మీద పడుకోవడం గురించి బావగారు మళ్లీ ప్రస్తావించలేదు.

అర్ధరాత్రి దాటాక టెంటుకు వచ్చి, చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకుని నిద్రపోయాం. నన్ను లేపింది చప్పుడు కాదు, అది తగ్గిపోవడమే. వాన జోరుగా పడుతోంది, కార్లన్నీ, ప్రమాదకర పరిస్థితుల్లో వేగం తగ్గించడానికి ముందు నడిపే సేఫ్టీ కారు వెనక నెమ్మదిగా పోతున్నాయి, నా వీపు కింద నీళ్లున్నాయి. ఆ వరుస నాలుగు గంటలకు పైగా సాగింది. దుప్పట్లు పట్టుకుని కార్లోకి చేరి, తెల్లవారేదాకా రేడియో వింటూ కూర్చున్నాం. వెలుతురు వచ్చాక బావగారు డిక్కీ తలుపు నీడన స్టవ్ పెట్టి ఉప్మా చేసి, ఒక గిన్నె పక్క టెంటు పెద్దాయనకు ఇచ్చారు. అప్పుడు చెప్పారాయన, మొన్న అనబోయి ఆగిన మాట పల్లం గురించేనని.

ఆదివారం నాలుగింటికి 50వ నంబరు ఫెరారీ గెలిచింది. నీళ్లు కారుతున్న టెంటును చెత్త సంచుల్లో కుక్కి, కేన్ హోటల్లో స్నానాల గది కడ్డీ మీద ఆరేశాం. వీసా కోసం చూపించిన గది ఆ రాత్రి సగం టెంటుకే సరిపోయింది.