పెద్ద టైర్లకు తగ్గట్టు క్రౌన్ పినియన్ మార్పించిన నా అనుభవం

రాపూరు దగ్గర మా నిమ్మతోటకు వెళ్లే మట్టిదారి వానలు మొదలయ్యాక ట్రాక్టరు గాడులతో నిండిపోతుంది. మా పాత మహీంద్రా ఫోర్‌వీల్ జీపు హౌసింగు (ఇరుసు నడుమ గేర్లుండే ఇనుప గుండు) ఆ గాడుల నడుమ మట్టికి తగిలి ఆగిపోతుంటే విసుగెత్తి, 28 అంగుళాల ఎత్తున్న టైర్లు తీయించి 31 అంగుళాలవి వేయించాను. తోట దారి సులువైంది గానీ, కాయల బస్తాలతో పొదలకూరు మార్కెట్టుకు బయలుదేరితే చిన్న మిట్టకే గేరు దించవలసి వచ్చేది. రాపూరు, చిట్వేలు మధ్య ఘాటులోనైతే ఏకంగా క్లచ్చు కాలిన వాసన వచ్చింది. స్పీడు ముల్లు 60 మీద ఉన్నప్పుడు బండి నిజానికి 66 మీద పోతోందని ఫోనులో చూశాక గానీ అసలు సంగతి నాకు బోధపడలేదు. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, ఆ భారమంతా ఇంజను మీదే పడుతుంది.

దీనికి విరుగుడు ఇరుసులోని క్రౌన్ పినియన్ మార్చడం: ఇంజను నుంచి వచ్చే షాఫ్టు తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్, అది తిప్పే పెద్ద పళ్ల చక్రం క్రౌను. టైరు ఎంత పెరిగితే ఈ రెంటి పళ్ల నిష్పత్తీ అంత పెరగాలి, లెక్క కష్టమైనది కాదు. మా జీపులో క్రౌనుకు 39 పళ్లు, పినియన్‌కు 8, అంటే నిష్పత్తి 4.88. దాన్ని 31తో గుణించి 28తో భాగిస్తే 5.40 వస్తుంది. పాతకాలపు జీపుల్లో వాడిన 43కు 8 పళ్ల సెట్టు నిష్పత్తి 5.38 కనుక, మాకు కావలసినది దాదాపు అదే. ఫోర్‌వీల్ బండి కావడంతో ముందు ఇరుసుకూ అదే నిష్పత్తి వేయక తప్పదు. లేకుంటే ఫోర్‌వీల్ వేసిన మరుక్షణం ముందు చక్రాలు ఒక లెక్కలో, వెనుక చక్రాలు ఇంకో లెక్కలో తిరగబోయి షాఫ్టులు మెలిపడతాయి. ఖర్చు రెట్టింపయ్యేది ఇక్కడే.

మొదట పని అప్పగించిన చోట ఒక్క రోజులో రెండూ బిగించి ఇచ్చారు. లాగుడు బాగుంది కానీ, 40 దాటి యాక్సిలరేటరు తొక్కితే వెనుక నుంచి సన్నని కూత వినిపించేది, కాలు తీస్తే ఆగిపోయేది. పళ్లు అరిగిపోకముందే చూపిద్దామని నెల్లూరు ఆటోనగర్‌లో హౌసింగు పని మాత్రమే చేసే ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన విప్పి చూసి, "నాయనా, కొత్త పళ్లకు పాత షిమ్ములు వేసినారే!" అన్నారు. షిమ్ములంటే పినియన్ ఎంత లోపలికి ఉండాలో సరిచేసే పల్చని ఇనుప బిళ్లలు. క్రౌనూ పినియన్నూ కలిపి నూరిన జోడీలు. పినియన్ తల మీద ఒక్కోదానికి ఒక్కో గుర్తు చెక్కి ఉంటుంది, దాన్ని బట్టి షిమ్ముల మందం మారాలి. మా పాత పినియన్ గుర్తు వేరు, కొత్తదాని గుర్తు వేరు.

ఆయన పని చేసిన రెండు రోజులూ అక్కడే కూర్చున్నాను. షిమ్ము మార్చిన ప్రతిసారీ బేరింగును పుల్లరుతో లాగితే అది పాడవుతుందని, పాత బేరింగుల లోపలి రంధ్రాన్ని కొంచెం అరగదీసి చేత్తోనే ఎక్కి దిగేలా చేసుకున్నారు; కొలతలన్నీ వాటితో తేల్చి, కొత్త బేరింగులను చివర్లో ఒక్కసారే ఎక్కించారు. పళ్లకు నూనెలో కలిపిన రెడ్ లెడ్ అనే ఎర్ర రంగు పొడి పూసి తిప్పితే, ముద్ర పంటి అడుగున పడింది, అంటే పినియన్ క్రౌనుకు మరీ దగ్గరగా ఉంది. షిమ్ము తగ్గిస్తూ నాలుగోసారి చూసేసరికి ముద్ర పంటి నడిమికి వచ్చింది. పళ్ల మధ్య వదులును డయల్ గేజితో క్రౌను చుట్టూ నాలుగు చోట్ల చూసి 0.20 మిల్లీమీటర్ల దగ్గర నిలిపారు. పినియన్ బేరింగుల బిగువు చూడటానికి మాత్రం నా తోటలో బస్తాలు తూచే స్ప్రింగు త్రాసే పనికొచ్చింది: పినియన్ కొసన ఉండే ఫ్లాంజి అనే బిళ్లకు పురికొస చుట్టి నిదానంగా లాగితే, 4 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి 7 కిలోలు చూపింది. చాలన్నారు. ముందు ఇరుసు చిన్నది, పూటలో అయిపోయింది.

మొదటి రోజు పాతిక కిలోమీటర్లు నడిపి, హౌసింగు చల్లారేదాకా ఆపి, మళ్లీ అంతే దూరం నడపమన్నారు. 800 కిలోమీటర్ల దాకా బరువు వేయవద్దన్నారు. కోతల కాలంలో ఆ మాట పాటించడం నాకు కష్టమే అయింది, కాయలను అద్దె ఆటోలో పంపాను. ఇప్పుడు ముల్లు 60 అంటే దాదాపు 60యే. 800 పూర్తయ్యాక హౌసింగులోని 90 నంబరు గేరు నూనె మార్పించడానికి వెళ్తే, దించిన నూనెను వేళ్ల మధ్య రుద్ది చూసి, రజను తప్ప ముక్కలేమీ లేవన్నారు మేస్త్రీ. అరగదీసిన మా పాత బేరింగులు తీగకు గుచ్చి ఆయన షెడ్డు గోడకు వేలాడుతున్నాయి.